బాల్డర్స్ గేట్ 3: ఒక్క టర్న్‌లో ఫైట్ తేల్చే మంత్రగాణ్ని తయారుచేయడం ఎలా

మా పిన్ని కొడుకు అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటాడు. పోయిన వానాకాలం ఆదివారాలు రామ్‌నగర్‌లో మా ఇంటికొచ్చి నా సిస్టమ్ మీద బాల్డర్స్ గేట్ 3 ఆడేవాడు. మూడో వారం వచ్చేసరికి "అన్నా, వీణ్ని తీసేసి కత్తివాణ్ని పెట్టుకుంటా, మంత్రగాడు దండగ" అన్నాడు. ఐదో లెవెల్ వచ్చింది, చేతిలో ఫైర్‌బాల్ స్పెల్ (మంత్రం) ఉంది. అయినా ప్రతి ఫైట్‌లో ముందు పడిపోయేది వాడి మంత్రగాడే. పక్కన కూర్చుని రెండు ఫైట్లు చూశాను. స్పెల్‌లో లోపం లేదు, స్పెల్‌కి ముందు చేయాల్సిన పని ఏదీ జరగట్లేదు. శత్రువులు చెల్లాచెదురుగా ఉన్నప్పుడే వేసేస్తున్నాడు, ఎవరికి ఏ దెబ్బ పనిచేస్తుందో చూడట్లేదు, వేశాక అక్కడే నిలబడిపోతున్నాడు. వాడికి ఆ రోజు నుంచి చెప్పినవన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను. మీ మంత్రగాణ్ని కూడా తీసేయాలనిపిస్తుంటే ఒక్కసారి ఇలా ప్రయత్నించండి.

లారియన్ స్టూడియోస్ ఈ గేమ్‌ని 2023 ఆగస్టు 3న పీసీలో విడుదల చేసింది. రూల్స్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వే, కానీ చాలాచోట్ల మార్చారు. ఆ మార్పుల్లో కొన్ని మంత్రగాడికి బాగా కలిసొస్తాయి. ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను. ఇక గేమ్ పెట్టుకోవడానికి 150 జీబీ ఖాళీ కావాలి, అది కూడా ఎస్‌ఎస్‌డీ మీదే. ర్యామ్ 16 జీబీ ఉంటే హాయి. నా సిస్టమ్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక్కో పార్టూ కొని కట్టించుకున్నదే.

సార్సరరా, విజర్డా?

సార్సరర్, విజర్డ్ రెండూ మంత్రగాడి క్లాసులే (పాత్ర రకాలు). దెబ్బ కొట్టడమే మీ ఉద్దేశమైతే నా ఓటు సార్సరర్‌కి. కారణం ఒక్కటే, క్విక్కెన్డ్ స్పెల్. మూడో లెవెల్‌లో ఇది తీసుకోవచ్చు. సార్సరర్‌కి ఉండే సార్సరీ పాయింట్లలో మూడు ఖర్చుపెడితే, యాక్షన్‌తో (టర్న్‌లో చేసే అసలు పని) వేయాల్సిన స్పెల్‌ని బోనస్ యాక్షన్‌తో (అదే టర్న్‌లో అదనపు చిన్న పని) వేస్తారు. అంటే ఒకే టర్న్‌లో రెండు పెద్ద స్పెల్స్. అసలు ఐదో ఎడిషన్ పుస్తకం రూల్స్‌లో ఇలా కుదరదు, ఒకటి క్యాంట్రిప్ (ఖర్చు లేకుండా ఎన్నిసార్లైనా వేసే చిన్న స్పెల్) అయి ఉండాలి. ఇక్కడ ఆ అడ్డు తీసేశారు. మంత్రగాడికి కలిసొచ్చే మార్పుల్లో ఇదే అన్నిటికంటే పెద్దది.

మొదటిసారి ఆడుతున్నారు, మీ మనుషులు మీ ఫైర్‌బాల్‌లోనే కాలిపోతున్నారు అంటే మాత్రం ఎవొకేషన్ (స్పెల్స్‌లో ఒక స్కూల్, అంటే విభాగం) విజర్డ్ తీసుకోండి. రెండో లెవెల్‌లో వాళ్లకి స్కల్ప్ట్ స్పెల్స్ వస్తుంది. మీరు వేసే ఎవొకేషన్ స్పెల్స్ మీ వాళ్లని ఏమీ చేయవు. ఫైర్‌బాల్, లైట్నింగ్ బోల్ట్, కోన్ ఆఫ్ కోల్డ్, చెయిన్ లైట్నింగ్ అన్నీ ఎవొకేషనే. పైగా దొరికిన స్క్రోల్స్ నుంచి కొత్త స్పెల్స్ నేర్చుకోవచ్చు. మామూలుగా ఒక్కో స్పెల్ లెవెల్‌కి 50 గోల్డ్, సొంత స్కూల్‌వైతే 25. గేమ్‌లో మీ టీమ్‌లో చేరే గేల్ ఎలాగూ విజర్డే కాబట్టి మీరు సార్సరర్ అయితే ఇద్దరూ ఒకరికొకరు తోడవుతారు. మా తమ్ముడికి నేను చెప్పింది ఇదే.

సార్సరర్‌లో డ్రాకోనిక్ బ్లడ్‌లైన్, దాంట్లో నీలం డ్రాగన్. నీలం అంటే మెరుపు. ఆరో లెవెల్ నుంచి మీరు వేసే మెరుపు దెబ్బలకి మీ కరిస్మా (సార్సరర్ స్పెల్స్‌కి బలమిచ్చే స్టాట్) బోనస్ కూడా కలుస్తుంది. కవచం లేకపోయినా ఏసీ (దెబ్బ తగలకుండా కాపాడే అంకె) 13కి డెక్స్‌టెరిటీ (చురుకుదనం) బోనస్ కలిసి వస్తుంది, ప్రతి లెవెల్‌కీ ఒక హెచ్‌పీ (ప్రాణం) అదనం. ఎర్ర డ్రాగన్ తీసుకుని నిప్పుతో ఆడేవాళ్లే ఎక్కువ. అది బాగానే ఉంటుంది, కానీ నిప్పుని తట్టుకునే డెవిల్స్ ఎదురైనప్పుడు ఇబ్బంది పడతారు. మెరుపుకి ఇంకో పెద్ద లాభం ఉంది, కాసేపట్లో వస్తాను.

జాతి మనిషి గానీ హాఫ్ ఎల్ఫ్ గానీ పెట్టుకోండి. ఈ రెండింటికీ డాలు పట్టే శిక్షణ ఉంటుంది. మంత్రగాడు డాలు పట్టుకుంటే ఏసీ ఇంకో రెండు పెరుగుతుంది, స్పెల్స్‌కి ఏ ఆటంకమూ ఉండదు. క్లాసు, స్టాట్స్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ జాతిని మాత్రం వాటిని మార్చే విదర్స్ (క్యాంపులో ఉండే పాత్ర) కూడా మార్చలేడు. అందుకని ఇది మాత్రం మొదట్లోనే చూసుకోండి.

స్టాట్స్: ఒక్క పాయింట్ విలువ

మొదట చేతిలో 27 పాయింట్లు ఉంటాయి. కరిస్మా 17, కాన్‌స్టిట్యూషన్ 16, డెక్స్‌టెరిటీ 14, విజ్‌డమ్ 10, మిగతా రెండూ 8. అదనంగా వచ్చే +2 కరిస్మాకి, +1 కాన్‌స్టిట్యూషన్‌కి పెడితే సరిగ్గా ఇలా కుదురుతుంది.

కరిస్మాకి ఎందుకంత పట్టుబడుతున్నానో చూడండి. మీ స్పెల్ తప్పించుకోవాలంటే శత్రువు 20 ముఖాల పాచిక వేసి ఒక అంకెని అందుకోవాలి. దీన్నే సేవ్ అంటారు. ఆ అంకె 8, దానికి మీ ప్రొఫిషియెన్సీ (లెవెల్‌తో పెరిగే నైపుణ్యం), దానికి మీ కరిస్మా బోనస్. ఐదో లెవెల్‌లో ప్రొఫిషియెన్సీ 3. కరిస్మా 18 ఉంటే బోనస్ 4. మొత్తం 15. శత్రువుకి డెక్స్‌టెరిటీ సేవ్ +2 ఉందనుకుంటే వాడు 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ వేయాలి. వందలో అరవైసార్లు వేయలేడు. కరిస్మా 14తోనే ఉండిపోయారా, ఆ అరవై యాభై అవుతుంది. తప్పించుకున్నవాడికి సగం దెబ్బే. "సగమే తగులుతోంది" అని విసుక్కునేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

17 అనేది బేసి సంఖ్య, దానికో కారణం ఉంది. మొదటి అంకంలో చిత్తడి నేల దగ్గర ఆంటీ ఎథెల్ అనే ముసలి మంత్రగత్తె ఉంటుంది. ఫైట్‌లో ఆవిడ ప్రాణం మీదకి వచ్చినప్పుడు తన వెంట్రుకలు ఇస్తానంటుంది. తీసుకుంటే ఒక స్టాట్ శాశ్వతంగా ఒకటి పెరుగుతుంది. 17 కాస్తా 18. నాలుగో లెవెల్ ఫీట్‌తో (కొన్ని లెవెల్స్‌లో ఎంచుకునే అదనపు బలం) దాన్ని 20 చేసేయండి. ఆవిడ జోలికి వెళ్లకపోతే ఆ ఫీట్‌లో కరిస్మాకి ఒకటి, డెక్స్‌టెరిటీకి ఒకటి పంచండి.

నాలుగో లెవెల్ దాకా

ఇక్కడ ఓపిక పట్టాలి. మ్యాజిక్ మిస్సైల్ ఎప్పుడూ గురి తప్పదు, చావు అంచున ఉన్నవాళ్లని ముగించడానికి దాచుకోండి. షీల్డ్ అనే స్పెల్ తప్పనిసరి. మూడో లెవెల్‌లో మిస్టీ స్టెప్ తీసుకోండి, మీదపడ్డ శత్రువు నుంచి బోనస్ యాక్షన్‌తో మాయమైపోవచ్చు. క్యాంట్రిప్‌గా రే ఆఫ్ ఫ్రాస్ట్ ఉండనివ్వండి. పక్కన శత్రువు నిలబడి ఉండగా గురిపెట్టి వేసే స్పెల్స్ వేయకండి, డిసడ్వాంటేజ్ పడుతుంది (రెండు పాచికలు వేసి చిన్నదే లెక్కపెడతారు). సేవ్ అడిగే స్పెల్స్‌కి ఆ బాధ లేదు.

తడిపి కొట్టండి

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

వానాకాలం మొదలైతే చాలు, మా గల్లీలో నీళ్లు నిలిచిన ప్రతిసారీ అమ్మ గుమ్మంలో నుంచి "స్తంభం ముట్టుకోకురా" అని అరుస్తుంది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. తడి, కరెంటు కలిస్తే ఏమవుతుందో చిన్నప్పుడే ఒంటబట్టింది. ఈ గేమ్ కూడా ఆ లెక్కనే నడుస్తుంది. తడిసిన మనిషికి మెరుపు దెబ్బ రెట్టింపు. చలి దెబ్బ కూడా రెట్టింపే. నిప్పు మాత్రం సగమైపోతుంది. పుస్తకం రూల్స్‌లో ఇది లేదు, లారియన్ వాళ్లు సొంతంగా పెట్టింది.

తడపడం ఎలా? మీ టీమ్‌లో చేరే షాడోహార్ట్ క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే క్లాసు). ఆమె స్పెల్స్‌లో క్రియేట్ వాటర్ అని ఒకటో లెవెల్‌ది ఉంటుంది. ఎంచుకున్న చోట వాన కురుస్తుంది, అక్కడున్న వాళ్లంతా తడుస్తారు. ఎవరూ దీన్ని తయారుగా పెట్టుకోరు, ఎందుకంటే చూడ్డానికి పనికిమాలినదిలా ఉంటుంది. మీరు పెట్టుకోండి. క్లెరిక్ లేకపోతే నీళ్ల సీసా విసిరినా పనవుతుంది. దారిలో కనిపించిన ప్రతి నీళ్ల సీసానీ సంచిలో వేసుకోవడం అలవాటు చేసుకోండి.

లెక్క చూద్దాం. లైట్నింగ్ బోల్ట్ మూడో లెవెల్ స్పెల్, 8డి6. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది అన్నమాట. సగటున 28. తడిసినవాడికి 56. తప్పించుకున్నా 28. అంటే శత్రువు తడిసి ఉంటే, తప్పించుకున్నప్పుడు కూడా మామూలు పూర్తి దెబ్బ తగులుతుంది! పదకొండో లెవెల్‌లో చెయిన్ లైట్నింగ్ వచ్చాక సగటు 45, తడిసినవాళ్లకి 90, అది ఒకరి నుంచి ఇంకో ముగ్గురి మీదకి దూకుతుంది.

ఒక జాగ్రత్త. నేల మీద నిలిచిన నీళ్లలో మెరుపు పడితే ఆ నీళ్లకే కరెంటు పాకుతుంది. మీ వాళ్లు అందులో అడుగుపెడితే వాళ్లకీ కొడుతుంది. విజర్డ్ స్కల్ప్ట్ స్పెల్స్ స్పెల్ నుంచి కాపాడుతుంది గానీ నేల నుంచి కాపాడదు. వాన కురిపించే ముందే కత్తివాణ్ని వెనక్కి పిలవండి.

తడితోపాటు ఇంకో చిట్కా. కింద పడి ఉన్నవాడికి డెక్స్‌టెరిటీ సేవ్‌కి డిసడ్వాంటేజ్, రెండు పాచికల్లో చిన్నదే లెక్క. ఇందాకటి ఉదాహరణలో వందకి అరవై అన్నది ఎనభై నాలుగు అవుతుంది. గేల్ చేత గ్రీజ్ (నేలని జారేలా చేసే స్పెల్) వేయించండి, జారి పడినవాళ్లని చూసి మెరుపు వదలండి. గ్రీజ్ అంటుకుంటుంది కాబట్టి నిప్పు మాత్రం దూరంగా ఉంచండి. మనుషుల్లాంటి శత్రువులైతే హోల్డ్ పర్సన్ (మనిషిని బిగదీసే స్పెల్) ఇంకా మంచిది. బిగుసుకుపోయినవాడు డెక్స్‌టెరిటీ సేవ్ అసలు గెలవలేడు.

ఎవరు ముందు కదులుతారు

ఈ గేమ్‌లో ఇనిషియేటివ్‌కి (ఎవరి వంతు ముందో తేల్చడానికి) 20 ముఖాల పాచిక వాడరు, నాలుగు ముఖాలదే. అందుకని డెక్స్‌టెరిటీ బోనస్ ఒకటి రెండు పెరిగినా క్రమంలో చాలా తేడా వస్తుంది. ఎనిమిదో లెవెల్‌లో నేను అలర్ట్ ఫీట్ తీసుకుంటాను. ఇనిషియేటివ్‌కి +5. శత్రువులు ఇంకా గుంపుగా ఉండగానే, మీ వాళ్లతో కలిసిపోకముందే, మంత్రగాడి వంతు రావాలి. ఒక్కసారి అందరూ కలగలిసిపోయారంటే మీ పెద్ద స్పెల్స్ అన్నీ చేతిలోనే ఉండిపోతాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. స్క్రీన్ పైన కనిపించే వంతుల వరసలో మీ ఇద్దరు మనుషులు పక్కపక్కన ఉంటే ఎవరి వంతు ముందైనా ఆడించవచ్చు, మధ్యలో ఒకరి నుంచి ఇంకొకరికి మారవచ్చు కూడా. షాడోహార్ట్, మీ సార్సరర్ అలా పక్కపక్కన పడ్డారంటే ఆ ఫైట్ సగం అయిపోయినట్టే.

మా తమ్ముడి ఫైట్ చెబుతాను. రిజెన్ రోడ్ మీద హైనా మొహాల నోల్స్ గుంపు ఒకటి ఉంటుంది. వాళ్లు ఒక్క టర్న్‌లోనే వరసగా బాణాలు వేస్తారు, పల్చటి మంత్రగాడైతే రెండో టర్న్ చూడడు. మొదటిసారి వీడు పరుగెత్తి వెళ్లి ఇద్దరి మీద ఫైర్‌బాల్ వేసి, రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. పడిపోయాడు. ఎఫ్8 నొక్కి ముందు సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వచ్చాం. ఈసారి నలుగురినీ బండ వెనక నిలబెట్టాం. షాడోహార్ట్, సార్సరర్ పక్కపక్కన పడ్డారు. షాడోహార్ట్ వాన కురిపించింది, నలుగురు నోల్స్ తడిశారు. సార్సరర్ నాలుగడుగులు పక్కకి జరిగాడు, ముగ్గురు ఒకే గీతలోకి వచ్చారు. ఆ జరగడం దగ్గరే వాడు మౌస్ పట్టుకుని చాలాసేపు ఆగిపోయాడు. గీత అటూ ఇటూ తిప్పుతూ "ఇద్దరే వస్తున్నారన్నా" అంటాడు. ఇంకో అడుగు ఎడమకి జరగమన్నాను. మూడోవాడు కూడా ఎర్రగా మెరిశాడు. వదిలాడు. పాచికలు 31 పడ్డాయి. ఇద్దరికి 62 చొప్పున, తప్పించుకున్నవాడికి 30. వెంటనే క్విక్కెన్డ్‌తో రెండో బోల్ట్. ఆ టర్న్ అయ్యేసరికి ముగ్గురూ నేల మీద ఉన్నారు. వాడు కుర్చీలోంచి లేచి గదంతా తిరిగి వచ్చాడు. మంత్రగాణ్ని తీసేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ ఒక్క అడుగు గురించే ఇంతసేపు చెప్పాను. స్పెల్ ఎంచుకున్నాక కంగారుగా నొక్కేయకండి. ఇది టర్న్‌ల గేమ్, గడియారం లేదు. మీ దగ్గర తొమ్మిది మీటర్ల నడక ఉంటుంది. దాన్నంతా వాడి, గీతలోకి ఇంకొకడు వస్తాడేమో చూసి, అప్పుడు నొక్కండి.

నొక్కే ముందు శత్రువు మీద మౌస్ పెట్టి టి కొట్టండి. వాడి రెసిస్టెన్స్‌లన్నీ (ఏ దెబ్బని తట్టుకుంటాడో) కనిపిస్తాయి. మెరుపుని తట్టుకునేవాడైతే వాడి వంతుకి వేరే స్పెల్ ఎంచుకోండి. సార్సరర్‌కి తెలిసే స్పెల్స్ తక్కువ కాబట్టి మెరుపు, చలి, మూడోది ఫైర్‌బాల్, ఇలా మూడు రకాల దెబ్బలు చేతిలో ఉండేలా చూసుకుంటే చాలు.

గుమ్మం, గోడ, వెనకడుగు

బయట ఖాళీ మైదానంలో ఫైట్ వద్దు. గది లోపలికి వెళ్లి గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కగా, గోడ చాటున నిలబడండి. శత్రువులు మిమ్మల్ని వెతుక్కుంటూ గుమ్మం దగ్గరికి వచ్చి గుంపు కడతారు. సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆర్టీసీ బస్సు ఆగగానే డోర్ దగ్గర జనం ఎలా కమ్ముకుంటారో చూశారుగా, అచ్చం అలాగే. ఫైర్‌బాల్ పరిధి నాలుగు మీటర్ల వ్యాసార్ధమే, కాబట్టి గుంపు కట్టాకే దానికి విలువ.

గోడ చాటు నుంచి రెండడుగులు బయటకి రండి, స్పెల్ వేయండి, మిగిలిన నడకతో మళ్లీ వెనక్కి వెళ్లిపోండి. శత్రువు వంతు వచ్చేసరికి బాణం వేయడానికి వాడికి మీరు కనపడరు. ఎత్తు మీద నిలబడితే గురిపెట్టి వేసే స్పెల్స్‌కి +2 వస్తుంది. సేవ్ అడిగే స్పెల్స్‌కి మాత్రం ఎత్తుతో పనిలేదు, కాబట్టి లైట్నింగ్ బోల్ట్ కోసం మేడలెక్కక్కర్లేదు. గీత కుదిరే చోటే మంచి చోటు.

కాన్సంట్రేషన్

హేస్ట్ (ఒకరిని వేగవంతం చేసే స్పెల్), హోల్డ్ పర్సన్ లాంటివి మనసు నిలిపి ఉంచాల్సిన స్పెల్స్. ఇవి వేశాక మీరు దెబ్బ తిన్న ప్రతిసారీ కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి, లేకపోతే స్పెల్ తెగిపోతుంది. 10 గానీ, తిన్న దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే దాన్ని అందుకోవాలి. సార్సరర్‌కి ఈ సేవ్‌లో ప్రొఫిషియెన్సీ పుట్టుకతోనే ఉంటుంది. విజర్డ్‌కి ఉండదు, వాళ్లు వార్ కాస్టర్ ఫీట్ తీసుకోవాలి. హేస్ట్ మధ్యలో తెగిపోతే అది పడ్డ మనిషి ఒక టర్న్ మొత్తం ఏమీ చేయలేడు. అందుకే హేస్ట్‌ని మీ సార్సరర్ చేత వేయించకండి. వెనక దూరంగా ఉండే గేల్ వేసి, మీరు కొట్టండి.

వస్తువులు, విశ్రాంతి

మొదటి అంకంలో మూడు చూసుకోండి. వాకీన్స్ రెస్ట్‌లో మంటల్లో చిక్కుకున్న కౌన్సిలర్ ఫ్లోరిక్‌ని కాపాడితే స్పెల్‌స్పార్క్లర్ అనే కర్ర దొరుకుతుంది. స్పెల్‌తో కొట్టినప్పుడల్లా మెరుపు చార్జీలు పోగవుతాయి. అండర్‌డార్క్‌లో (భూగర్భ ప్రాంతం) పుట్టగొడుగు మనుషులైన మైకోనిడ్ల దగ్గర బ్లర్గ్ అమ్మే మెల్ఫ్స్ ఫస్ట్ స్టాఫ్ మీ స్పెల్స్ తప్పించుకోవడాన్ని ఒక పాయింట్ కష్టం చేస్తుంది. పైన వేసిన లెక్క ప్రకారం ఆ ఒక్క పాయింటే వందకి ఐదు. కొమ్ములుండే టీఫ్లింగ్స్‌ని కాపాడితే రెండో అంకంలో అల్ఫీరా ఇచ్చే పోటెంట్ రోబ్ క్యాంట్రిప్‌లకి కరిస్మా కలుపుతుంది. మిగతావి దారిలో వస్తాయి.

పెద్ద స్పెల్స్‌ని పిసినారిలా దాచుకోకండి. లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర) తీసుకుంటే స్పెల్స్ తిరిగొస్తాయి. దానికి బ్యాలెన్స్‌డ్ అనే కష్టం స్థాయిలో 40 క్యాంపు సామాన్లు, టాక్టీషియన్‌లో 80 కావాలి. ఉల్లిపాయ దగ్గర్నుంచి మాంసం దాకా కనిపించిన తిండంతా ఏరుకుంటే ఎప్పుడూ కొరత రాదు. ఐదో లెవెల్‌లో మూడో స్థాయి స్లాట్లు (ఆ స్థాయి స్పెల్ వేసే అవకాశాలు) రెండే. పెద్ద ఫైట్‌లో మొదటి టర్న్‌లోనే రెండూ వాడేయండి, తర్వాత పడుకోండి. స్లాట్లని సార్సరీ పాయింట్లుగా మార్చుకునే పని ఫైట్‌కి ముందే ముగించండి. ఫైట్ మధ్యలో చేస్తే బోనస్ యాక్షన్ పోతుంది, మీ క్విక్కెన్డ్‌కి కావాల్సింది అదే.

ప్రతి ఫైట్‌కి ముందు ఎఫ్5 కొట్టి ఆటని సేవ్ చేసుకోండి. ఎండాకాలం మా ఇంట్లో సరిగ్గా బాస్ ఫైట్ మధ్యలో కరెంటు పోయి గంటన్నర ఆట మొత్తం పోయింది, అప్పటి నుంచి ఇది నాకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. యూపీఎస్ ఉన్నా సరే కొట్టండి.

ఇప్పటికే సగం గేమ్ ఆడేశారా? మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. క్యాంపులో విదర్స్‌కి 100 గోల్డ్ ఇస్తే క్లాసు, స్టాట్స్, స్పెల్స్ అన్నీ మార్చేస్తాడు. ఈ రాత్రి క్యాంపుకి వెళ్లి నీలం డ్రాగన్ సార్సరర్‌గా మార్చుకోండి, షాడోహార్ట్ స్పెల్స్‌లో క్రియేట్ వాటర్ పెట్టండి, మీరు ఓడిపోయిన చివరి ఫైట్‌లోకే మళ్లీ వెళ్లండి.